వెయ్యి అంగీలకు ఒక్క మచ్చు

సూదిగాలి లోయకు వెళ్ళిన వందమంది సైనికుల్లో అరవైమందే తిరిగి వచ్చారు. కుందనగిరి కోట ఉత్తర ద్వారం వాళ్ళ కోసం తెరుచుకున్నప్పుడు పొద్దు నడినెత్తిన ఉంది. రాళ్ళు పగిలే ఎండ. అంత ఎండలోనూ వాళ్ళ మీసాలకు పట్టిన మంచు కరగలేదు.

ముందు నడుస్తున్నది దళపతి రుద్రసాని. ఆరడుగుల మనిషి, మగవాళ్ళు ఎక్కుపెట్టలేని విల్లును ఎడమ భుజాన వేసుకు తిరిగే యోధురాలు. ఆమె పెదవులు నల్లబడి ఉన్నాయి. నీళ్ళు ఇవ్వబోయిన ద్వారపాలకుణ్ణి పక్కకు నెట్టి నేరుగా కొలువుకూటానికి నడిచింది.

ఆ కొలువుకూటపు వైభవం వర్ణింప నలవి కాదు. చంద్రకాంత శిలల స్తంభాలు, వాటిని అల్లుకున్న బంగారు తీగలు, ఆ తీగలకు కెంపుల పూలు, పూల మీద వాలినట్టు ఇంద్రనీలాల తుమ్మెదలు! నెమలిపింఛాల వింజామరలు వీస్తుంటే అలనాడు ఆ కూటంలో పన్నీటి జల్లు కురిసేది. ఇప్పుడు పన్నీటి బుడ్లు ఎండిపోయి ఉన్నాయి. మూడు నెలల కిందట హిమదంష్ట్రుడనే మాంత్రికుడు శంఖినీ నది పుట్టే గుహకు మంచుతలుపు బిగించాడు. ఆ తలుపుకు కావలిగా ముందున్న లోయలో సూదిగాలిని వదిలాడు. ఏరు ఎండిపోయింది. కోటలోని ఏడు బావుల్లో మిగిలిన నీళ్ళు నలభై రోజులకు సరిపోతాయి. ఆ తర్వాత రాజ్యమంతా ఎటు పోవాలో ఎవరికీ తెలియదు.

"నలభైమంది ఎక్కడ రుద్రసానీ?" అని అడిగాడు మహారాజు ప్రసేనవర్మ.

"లోయలోనే నిలబడి ఉన్నారు మహాప్రభూ. నిలబడ్డవాళ్ళు నిలబడ్డట్టే గడ్డకట్టిపోయారు. శత్రువు కనబడలేదు. బాణం వెయ్యడానికి చెయ్యెత్తితే చాలు, గాలి సూదుల్లా ఒంట్లోకి దిగింది. మమ్మల్ని ఓడించింది మాంత్రికుడు కాదు, ఇదీ!" అంటూ ఒంటి మీది ఉన్ని అంగీని విప్పి సింహాసనం మెట్ల మీద పడేసింది.

కొలువులో కలకలం రేగింది. ఆ అంగీలు కుట్టించినవాడు వస్త్రాధికారి భుజంగరాయుడు. జరీ ఉత్తరీయం సవరించుకుంటూ ముందుకు వచ్చాడు. "మేలిరకం ఉన్ని ప్రభూ! వందమంది దర్జీలు రాత్రింబవళ్ళు కుట్టారు. పిరికితనాన్ని గుడ్డ మీదికి నెట్టడం దళపతికి తగదు."

"ఒక్కసారి ఆ అంగీ నన్ను చూడనివ్వండి ప్రభూ!"

ఆ మాట వచ్చింది ద్వారం దగ్గరినుంచి. అందరూ తలలు తిప్పారు. గాయపడిన సైనికుణ్ణి భుజాన మోసుకొచ్చినవాడు అక్కడ నిలబడి ఉన్నాడు. పొట్టిగా, బక్కపలచగా ఉంటాడు. నడుముకు కత్తెర వేలాడుతోంది. సేన గుడారాలు కుట్టే మాచన అతను.

రాజు తల ఊపాడు. మాచన అంగీని తిరగేశాడు, వెలుగుకెదురుగా పట్టుకున్నాడు, కుట్ల మీద గోరు నడిపించాడు. తర్వాత దాన్ని రుద్రసానికి అందించి, "ఇంకొక్కసారి తొడుక్కోండి దళపతిగారూ. విల్లు ఎక్కుపెట్టండి" అన్నాడు.

ఆమె విల్లెత్తింది. చేతులు పైకి లేవగానే అంగీ మొత్తం వాటితోపాటు లేచింది. నడుము దగ్గర జానెడు మేర ఒళ్ళు బయటపడింది.

"అదీ దారి! గాలి అక్కడినుంచి దూరింది" అన్నాడు మాచన. "చంక కిందికి జారిపోయినట్టు కత్తిరించారు. వందమందికీ ఒకే కొలత. పైగా ప్రతి కుట్టుకూ సూది గుచ్చిన రంధ్రం అలాగే ఉండిపోయింది. అంగీకి రెండువేల రంధ్రాలు. తొడిగి చూడకుండానే వందా కుట్టేశారు ప్రభూ."

భుజంగరాయుడి ముఖం మాడిపోయింది. రాజు మాత్రం సింహాసనం మీదినుంచి లేచాడు. "నువ్వు కుట్టగలవా? వెయ్యిమంది సైన్యం బయలుదేరాలి. వెయ్యి అంగీలు!"

"వెయ్యి కాదు ప్రభూ, ముందు ఒక్కటి. దాని పేరు మచ్చు. ఆ ఒక్కటి సరిగ్గా కుదిరేదాకా రెండోదానికి కత్తెర తాకించను. మచ్చు కుదిరాక వెయ్యి కుట్టడం పది రోజుల పని."

"కుదరకపోతే?"

"కుదిరేదాకా మళ్ళీ కత్తిరిస్తాను. అందుకే దాన్ని మచ్చు అంటారు."

ప్రసేనవర్మ మొదటిసారిగా చిరునవ్వు నవ్వాడు.

*

గంట తిరక్కుండానే ఆయుధశాలలో పని మొదలైంది. మాచన మేలిరకం ఉన్నిని ముట్టుకోలేదు. ధాన్యం బస్తాల గోనెగుడ్డ తెప్పించి, నేల మీద పరిచి, చూపుతోనే కొలిచి సరసరా కత్తిరించాడు. పొడుగు కుట్లతో అతికించి రుద్రసానికి తొడిగాడు.

"ఇదేంటయ్యా, నన్ను బియ్యపు బస్తా చేశావు!"

"ఇది ముతక మచ్చు దళపతిగారూ. ఆకారం చూసుకోవడానికి. గోనె పాడైతే నష్టమేముంది? ఇక మీరు యుద్ధం చెయ్యండి."

"ఎవరితో?"

"ఎవరూ లేకపోయినా సరే. నేను చూడాల్సింది గుడ్డని."

రుద్రసాని నవ్వి కత్తి దూసింది. గుర్రమెక్కి దూకించింది, గోడ పాకింది, నేల మీద దొర్లింది, వరసగా ఇరవై బాణాలు వేసింది. మాచన చేతిలో బొగ్గుముక్కతో ఆమె వెంట పరుగెత్తాడు. ఎక్కడ ముడత పడితే అక్కడ గీత గీశాడు. ఎక్కడ పట్టేస్తే అక్కడ చుక్క పెట్టాడు. చివరికి వీపు మధ్యలో గోనె ఫట్‌మని చిరిగింది.

"చిరిగిపోయిందయ్యా!" అని ఆమె నొచ్చుకుంది.

మాచన మాత్రం పండగ వచ్చినంత సంబరపడ్డాడు. "ఇక్కడే చిరగాలి! లోయలో చిరగాల్సింది ఇక్కడ చిరిగింది. వీపులో రెండు వేళ్ళు వదలాలి. చంకలో నాలుగు పలకల ముక్క వెయ్యాలి."

మరునాడు రెండో మచ్చు. ఈసారి దుప్పటి గుడ్డతో, రుద్రసాని ఒంటికి సరిపోయేలా కుట్టాడు. ఆమె విల్లెత్తితే చేతులు మాత్రమే లేచాయి, నడుము దగ్గర అంచు వేలెడు కూడా కదల్లేదు. ఆమె మళ్ళీ ఎత్తింది. పదిసార్లు ఎత్తి, నమ్మలేనట్టు తన నడుముకేసి చూసుకుంది.

"ఇదే కుట్టెయ్! ఇంకేం కావాలి?"

"ఇది మీకు సరిపోయింది. మీ దళంలో అందరూ మీ అంత ఉన్నారా?"

లేరు. మూడో రోజున మాచన ముగ్గుర్ని ఎంచాడు. బొంగరంలా పొట్టిగా ఉండే భటుడొకడు, మధ్యరకం వాడొకడు, ఏనుగుపిల్లలాంటి మల్లుడొకడు. ముగ్గురికీ మూడు అంగీలు కుట్టి ముగ్గురిచేతా కుస్తీ పట్టించాడు. పొడుగు పెరిగినంత మాత్రాన మెడ పెరగదనీ, పొట్ట పెరిగితే ముందు గుడ్డ పొడవూ పెరగాలనీ తేలింది. ఒక్కో కొలతకూ తాటాకు మీద లెక్క గీసుకున్నాడు. ఆ రాత్రి చాలా రోజుల తర్వాత సైనికులు పాటలు పాడుకుంటూ అన్నాలు తిన్నారు.

మిగిలిన చిక్కు ఒక్కటే. సూది రంధ్రాలు!

*

కోటకు పడమరగా రెండు రోజుల ప్రయాణంలో కాకికొమ్ము కొండ ఉంది. ఆకాశాన్ని పొడిచి నిలిచిన ఆ కొమ్ము చివర వెండిరంగు ఆకులతో హిమతీగ పాకుతుంది. ఆ తీగ నారకు ఒక విచిత్ర గుణం. తడి గానీ చలి గానీ తగిలితే ఉబ్బుతుంది. సూది గుచ్చిన రంధ్రాన్ని తానే పూడ్చేస్తుంది. ఆ సంగతి మాచనకు వాళ్ళ తాత చెప్పాడు. కానీ కొండను హిమదంష్ట్రుడి భటులు కాపలా కాస్తున్నారు. శిఖరం మీద గండభేరుండం గూడు కట్టింది.

రుద్రసాని, మాచన తేనె పట్టేవాళ్ళ వేషం వేశారు. ముఖాలకు మసి పూసుకున్నారు. నడుముకు సొరబుర్రలు కట్టుకున్నారు. భుజాన తాళ్ళు, కావడిబద్దలా కనబడేట్టు గుడ్డ చుట్టిన విల్లు, పొగబెట్టడానికి గడ్డి, ఆ గడ్డిని చుట్టుకోవడానికి చిరిగిన గోనె మచ్చు తీసుకున్నారు.

కొండ మొదట్లో కావలివాడు ఈటె అడ్డుపెట్టాడు. "ఏయ్, ఎక్కడికి?"

"తేనెకయ్యా" అన్నాడు మాచన.

"ఇంత ఎత్తు మనిషి తేనె పడుతుందా?" అంటూ వాడు రుద్రసానిని ఎగాదిగా చూశాడు.

"అందుకే నిచ్చెన తెచ్చుకోలేదు" అన్నాడు మాచన తడుముకోకుండా. కావలివాడు పగలబడి నవ్వి దారి వదిలాడు.

ఎక్కారు. వేళ్ళ సందున రాళ్ళు జారాయి. మేఘాలు మోకాళ్ళను రాసుకుంటూ పోయాయి. సాయంత్రపు ఎండలో శిఖరం కరిగిన బంగారంలా మెరుస్తుండగా హిమతీగ కనబడింది. వెండి గజ్జెలు గుత్తులుగా వేలాడదీసినట్టుంది. రుద్రసాని తాడు పట్టుకుంది. మాచన అంచు మీదికి వంగి కత్తెరతో తీగ తెంచసాగాడు. ఒక మోపు, రెండు మోపులు.

అంతలో సూర్యుడు మాయమైనట్టు చీకటి కమ్మింది. అది మబ్బు కాదు, రెక్కలు! రెండు తలలూ రెండు వైపులనుంచి అరుస్తూ గండభేరుండం విరుచుకుపడింది. దాని గోరు తగిలి తాడు సగం తెగింది. మాచన గాల్లో గింగిరాలు తిరిగాడు.

"మాచనా! తీగ వదిలెయ్! రెండు చేతులా తాడు పట్టుకో!"

"తీగ వదిలితే లోయలో చచ్చేది వెయ్యిమంది!" అని అరిచి మాచన మోపును పళ్ళతో కరిచిపట్టాడు.

రుద్రసాని విల్లు తియ్యాలంటే తాడు వదలాలి. తాడు వదిలితే మనిషి పోతాడు. ఆమె చూపు పక్కనున్న గోనె మచ్చు మీద పడింది. గడ్డి కుక్కి ఉన్న ఆ అంగీ చూడ్డానికి బలిసిన మనిషిలా ఉంది. కాలితో ఒక్క తాపు తన్నింది. గోనె మనిషి చేతులు చాచుకుని గాల్లోకి ఎగిరాడు. గండభేరుండం రెండు తలలూ ఒకేసారి అటు తిరిగాయి. గభాల్న దాన్ని తన్నుకుపోయి, ఎవరికి దక్కాలని తలా ఒక చెయ్యి పట్టి లాక్కోవడం మొదలుపెట్టాయి.

ఆ కుమ్ములాట సాగుతుండగానే ఆమె మాచనను పైకి లాగింది. ఇద్దరూ మోపులతో కావలివాడు లేని వైపునుంచి కొండ దిగి పరుగు తీశారు. వెనక ఎక్కడో గోనె చిరిగిన శబ్దం వినబడింది.

"వీపు దగ్గరే చిరిగి ఉంటుంది" అన్నాడు మాచన రొప్పుతూ. రుద్రసాని పరుగెడుతూనే నవ్వింది.

*

కోటకు చేరాక అసలు గుడ్డతో, అసలు దారంతో మచ్చు కుట్టాడు మాచన. రెండు పొరల కంబళి, పైన మైనం పూసిన నూలుబట్ట, కుట్టంతా హిమతీగ నార. రుద్రసాని కొలత. ప్రతి కుట్టూ తనే వేశాడు, పక్కనున్నవాళ్ళను బొత్తాం కూడా కుట్టనివ్వలేదు. పూర్తయిన అంగీని తీసుకెళ్ళి, తాగడానికి పనికిరాని నీళ్ళున్న అద్దకపు తొట్టిలో ముంచాడు.

"అయ్యో, కొత్తదాన్ని తడిపావేం?" అన్నాడు రాజు.

ఆరాక కొలిస్తే అంగీ పొడవు నాలుగు వేళ్ళు తగ్గింది. కంబళి కుంచించుకుపోయింది. అందరి ముఖాలూ వాడిపోయాయి. మాచన మాత్రం, "లోయ మంచులో తడిసినప్పుడు తెలియాల్సింది ఇప్పుడే తెలిసింది ప్రభూ" అని, గుడ్డ మొత్తాన్ని ముందే ఆ తొట్టి నీళ్ళతోనే తడిపి ఆరబెట్టించి, మళ్ళీ కత్తిరించి తన చేత్తోనే కుట్టాడు. ఈసారి తడిపినా వెంట్రుకవాసి తగ్గలేదు.

ఇరవయ్యో రోజు ఉదయం ప్రసేనవర్మ నిండుకొలువులో ఆ అంగీ మెడపట్టీకి లక్క కరిగించి రాజముద్ర వేశాడు. "నేటినుంచి ఇదే కొలమానం. తాటాకు లెక్క ప్రకారం కొలతలు మారినా, వెయ్యి అంగీలూ దీన్ని చూసే కుట్టాలి. దీనికి భిన్నంగా ఒక్క కుట్టు పడకూడదు!" భేరీలు మోగాయి. ముద్ర మచ్చును కుట్టుశాల నడుమ వెండి కొక్కేనికి వేలాడదీశారు. మూడువందలమంది దర్జీలు దాని చుట్టూ పీటలు వేసుకు కూర్చున్నారు.

రెండు రోజులు గడిచేసరికి ముప్ఫై అంగీలకు కత్తిరింపు అయింది. మొదటి అంగీ తయారైంది. మాచన మిగతా పని ఆపించాడు.

"ఎందుకాపావు?" అంటూ భుజంగరాయుడు విసురుగా వచ్చాడు. అంత ఉక్కలోనూ దళసరి పట్టు అంగరఖా మెడదాకా బిగించుకుని ఉన్నాడు. నుదుటి మీద చెమట ధారలు కట్టింది. "బావుల్లో నీళ్ళు అడుగంటుతుంటే నీకు ఆటలుగా ఉందా?"

"మొదటిది చూడకుండా వందోది కుట్టకూడదండీ." మాచన కొత్త అంగీని ముద్ర మచ్చు పక్కన పరిచి కొలిచాడు. భుజం, చంక, చెయ్యి, పొడవు. అన్నీ సరిపోయాయి.

"చూశావుగా! ఇక కానివ్వు" అన్నాడు భుజంగరాయుడు.

రుద్రసాని కొత్త అంగీ తొడుక్కుంది. విల్లెత్తింది. సగం ఎత్తి ఆగిపోయింది. "చంకలో పట్టేస్తోంది మాచనా."

"అలా ఎలా?" మాచన వెండి కొక్కెం మీది ముద్ర మచ్చును తీసి ఇచ్చాడు. ఆమె అదీ తొడుక్కుంది. అదీ పట్టేసింది.

"దళపతి లావెక్కింది" అని భుజంగరాయుడు వెటకారంగా నవ్వాడు.

"రోజుకు రెండు చెంబుల నీళ్ళు తాగి, ఒక ముద్ద అన్నం తిని లావెక్కానా?" ఆమె కళ్ళెర్రజేసింది.

మాచన ముద్రను పరీక్షించాడు. లక్క చెదరలేదు, దాని మీది రాజసింహం బొమ్మ చెదరలేదు. ఒక్క క్షణం ఆలోచించి, "ఒక కుండ నీళ్ళు తెప్పించండి" అన్నాడు.

అద్దకపు తొట్టి అప్పటికే ఎండిపోయింది. కుండ నీళ్ళంటే ఒక కుటుంబం రెండు రోజుల ప్రాణం. రాజు కబురందుకుని తన వంతు నీళ్ళ కుండ పంపి, వెనకే తనూ వచ్చాడు. మాచన ముద్ర మచ్చు చేతిని తిరగేసి, మణికట్టు దగ్గర ముడివేసి, అందులో నీళ్ళు పోశాడు. చుక్క. మరో చుక్క. కుట్టు వెంబడి ముత్యాల వరసలా నీళ్ళు కారాయి. కింద ఇత్తడి పళ్ళెం పెట్టి ప్రతి చుక్కనూ పట్టారు.

"ఇది హిమతీగ నార కాదు ప్రభూ, మామూలు దారం. ఇది నేను కుట్టిన మచ్చు కాదు. మంత్రంతో మీ ముద్రకు నకలు దింపి, రెండు వేళ్ళు చంక తగ్గించి, ఎవరో మార్చారు. ఎత్తుకుపోతే వెతుకుతామని, మార్చిపెట్టారు. వెయ్యి అంగీలూ చెడగొట్టడానికి ఈ ఒక్కటి చాలు."

రుద్రసాని చూపు చెమటలు కక్కుతున్న భుజంగరాయుడి మీద నిలిచింది. "ఈ ఎండలో మీకు అంత బట్ట ఎందుకండీ?" అంటూ ఒక్క అంగలో వెళ్ళి అతని అంగరఖా పట్టి లాగింది. పట్టు చిరిగింది. దాని కింద మైనం పూసిన అంగీ, మెడ దగ్గర ఎర్రటి లక్క ముద్ర!

భుజంగరాయుడు వికటంగా నవ్వాడు. ఆ నవ్వులోనే అతని ముక్కు వంకీ తిరిగింది, చేతులు రెక్కలయ్యాయి. వాడు హిమదంష్ట్రుడి శిష్యుడు. ఏడాదిగా వస్త్రాధికారి వేషంలో కోటలో తిరుగుతున్నాడు. పెనుగద్దై, అంగీని గోళ్ళతో పట్టుకుని, కుట్టుశాల గవాక్షం బద్దలు కొట్టుకుని ఎగిరాడు.

రుద్రసాని విల్లందుకుంది. బాణం రివ్వున పోయి గద్ద కాలికి తగిలింది. గోళ్ళు విడివడ్డాయి. నీలాకాశంలోంచి ముద్ర మచ్చు చేతులు చాచుకుని మెల్లగా దిగుతుంటే దర్జీలందరూ చేతులెత్తి పరుగెత్తారు. గద్ద గాయపడ్డ కాలు వేలాడేసుకుని ఎగిరి ఉత్తరపు కొండల్లో కలిసిపోయింది.

"ముప్ఫై చెడాయి" అన్నాడు రాజు, కత్తిరించిన గుడ్డల కుప్ప చూస్తూ.

"ముప్ఫైతో ఆగింది ప్రభూ. వాటికి చంకలో ముక్క వేసి సరిచేస్తాను" అన్నాడు మాచన. సూదులు మళ్ళీ కదిలాయి.

*

ముప్ఫై అయిదో రోజు ఉదయం వెయ్యిమంది సైన్యం లోయ ముఖద్వారం దగ్గర నిలిచింది. వెయ్యి అంగీలు వెయ్యిమంది తొడుక్కున్నారు. కుట్లు చూసుకోవడానికి మాచన కూడా బయలుదేరాడు గానీ అతనికంటూ అంగీ మిగల్లేదు. కాబట్టి ముద్ర మచ్చునే వేసుకున్నాడు. రుద్రసాని కొలతకు కుట్టింది కదా, అతనికి మోకాళ్ళు దాటింది. చేతులు రెండుసార్లు మడిచాడు.

"ముందు నేను వెళతాను" అన్నాడు. "నా కుట్టు. నేను చూడాలి."

"వద్దు" అంది రుద్రసాని.

అతను అప్పటికే లోయలోకి అడుగుపెట్టాడు. గాలి వచ్చింది. వేయి పాములు ఒక్కసారి బుసకొట్టినట్టు వచ్చి మీదపడింది. భుజాలు తడిమింది, కుట్లు వెతికింది, చంకల్లో తోసింది, మెడ చుట్టూ తిరిగింది. నార బిరబిరా బిగుసుకున్న చప్పుడు మాచనకు వినబడింది. కనురెప్పలు మంచుకట్టాయి. ఒళ్ళు మాత్రం వెచ్చగానే ఉంది. అతను వెనక్కి తిరిగి రెండు చేతులూ ఎత్తి ఊపాడు.

వెయ్యిమంది అరుపుతో లోయ మార్మోగింది. సైన్యం కదిలింది. నడిమలుపులో గడ్డకట్టి నిలబడ్డ నలభైమంది కనబడ్డారు. రుద్రసాని ఒకడి ముక్కు దగ్గర కత్తి అలుగు పెట్టి చూసింది. అలుగు మీద సన్నటి ఆవిరి! "బతికున్నారు! అందరూ బతికున్నారు!" అని అరిచింది. వందమంది సైనికులు వాళ్ళను కంబళ్ళలో చుట్టి భుజాలకెత్తుకుని వెనక్కి మళ్ళారు.

మిగతావాళ్ళు మంచుతలుపు చేరేసరికి పొద్దు వాలుతోంది. తాటిచెట్టంత ఎత్తు, అద్దంలా నున్నన. గడియ లేదు, గొళ్ళెం లేదు. సైనికులు గొడ్డళ్ళతో మోదితే గొడ్డళ్ళే ముక్కలయ్యాయి. అప్పుడు తలుపు లోపలినుంచి రాయి రాసుకున్నట్టు ఒక గొంతు పలికింది.

"తన ఒంటి మీది బట్టను మొదటి కుట్టునుంచి చివరి కుట్టుదాకా తానే కుట్టుకున్నవాడు ఒక్కడు లోపలికి రావచ్చు. మరెవరికీ దారి లేదు."

రాజులూ దళపతులూ సూది పట్టరన్న ధీమాతో హిమదంష్ట్రుడు బిగించిన మంత్రం అది. తొమ్మిది వందలమంది ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. తర్వాత అందరి చూపులూ ఆ పొట్టి మనిషి వైపు తిరిగాయి.

రుద్రసాని ముఖం కందగడ్డ అయింది. "నీకు కత్తి పట్టడం కూడా రాదు."

"పట్టడం రాదు గానీ, పదునైనదేదో తెలుసు" అన్నాడు మాచన. ఆమె తన మొలలోని బాకు తీసి అతని నడుముకు కట్టింది. మడత జారిన చేతిని మళ్ళీ మడిచింది. "నువ్వు బయటికొచ్చేదాకా ఈ తలుపు ముందునుంచి నేను కదలను. చీకటి పడినా సరే, తెల్లారినా సరే. విన్నావా?"

"విన్నాను దళపతిగారూ."

"రుద్రసాని అను."

"వస్తాను రుద్రసానీ."

అతని వేలు తాకగానే మంచు పాలపొంగులా విడిపోయింది. లోపలికి వెళ్ళగానే వెనక మూసుకుంది. బయటి గాలి హోరు ఆగిపోయింది. గుహ నిండా వింతైన నీలి వెలుగు. అడుగు పెడితే అడుగు పదిసార్లు పలుకుతోంది. ముందు ఎక్కడో రాతి మెట్లు కిందికి దిగుతున్నాయి. మాచన బాకు మీద ఒక చెయ్యి వేసి దిగాడు. అరవై మెట్లు, డెబ్భై మెట్లు. మెట్ల చివర మంచుపలక మీద ఒక ముసలామె కూర్చుని ఉంది. నెరిసిన జుట్టు ఆమె వెనక గుహ అంతటా పరుచుకుని, గోడల్లోకి పోయి గడ్డకట్టి ఉంది.

ఆమె తలెత్తి అతన్ని చూసింది. కళ్ళు ఏటి నీళ్ళలా కదిలాయి.

"ఎవరు నాయనా, అంత పెద్ద అంగీ తొడుక్కున్నావు?"

"కుందనగిరి దర్జీనమ్మా, మాచన అంటారు. మీరెవరు?"

"మీ ఊళ్ళో పిల్లలంతా నాలోనే ఈత నేర్చుకున్నారు. గుర్తుపట్టలేదా?"

మాచన మోకాళ్ళ మీద కూలబడ్డాడు. "శంఖినమ్మా!"

"గట్టిగా అనకు. వాడు మేలుకుంటాడు." ఆమె నవ్వుతుంటే ఎక్కడో రాళ్ళ సందున నీళ్ళు గలగలలాడాయి. "ఈ జుట్టు తెగితేగానీ నేను కదల్లేను. కత్తులకు తెగదు, బాకులకు తెగదు. నీ నడుముకు ఇంకా ఏమున్నాయి?"

మాచన నడుముకు వేలాడుతున్న కత్తెర చూపించబోయాడు. అంతలో గుహ లోపలి చీకటిలోంచి, కుంటుతూ నడుస్తున్న అడుగుల చప్పుడు వినబడింది. దాని వెనకే ఇంకో అడుగు, బరువుగా, నిదానంగా.

శంఖిని అతని చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఆ చెయ్యి చల్లగా లేదు. "భయపడకు నాయనా" అంది. "కత్తిరించడం ఎక్కడినుంచి మొదలుపెడతావో చెప్పు."